ఇద్దరూ కుడికాలే పెడితే

కొత్త ఇంట్లోకి వెళ్లిన రోజు మీరు ఏ కాలు ముందు పెట్టారు? నిజం చెప్పండి. డిగ్రీలు చదివారు, మూఢనమ్మకాలు నాకు గిట్టవని నలుగురిలో గట్టిగానే చెబుతారు. అయినా గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు పోతున్న ఎడమకాలిని వెనక్కి లాక్కుని, కుడికాలు లోపల పెట్టారా లేదా? "పెడితే పోయేదేముందండీ" అంటారు. ఏం పోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు తెలిసి ఒకసారి ఒక అమ్మాయి కాలి బొటనవేలు పోయింది. దానితోపాటు ఆమె ఎంచుకున్న బతుకు కూడా పోయింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ముప్పై ఏళ్లకు పైగా డాన్స్ నేర్పాను. పగలు ఒక స్కూల్లో పీటీ మాస్టారిని. సాయంత్రం బ్రిటిష్ వాళ్లనాటి ఒక క్లబ్బు హాల్లో, చెక్క ఫ్లోరు మీద, జోడీ డాన్స్ నేర్పేవాణ్ని. ఆడ, మగ ఎదురెదురుగా నిలబడి, చేతులు పట్టుకుని చేసే డాన్స్. దాన్ని బాల్‌రూమ్ డాన్స్ అంటారు. మా కాలనీలో 'బాల్ డాన్సు' అనేవారు. ఒక పెద్దమనిషి అది ఫుట్‌బాల్‌కి సంబంధించిందనుకుని, కొడుక్కి అడుగున మేకులున్న బూట్లు కొని మరీ పంపించాడు. ఫ్లోరు మీద ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

మోకాళ్లు ఇక చాలన్నాయి కాబట్టి మానేశాను. ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న మీకు స్టెప్పులు నేను చెప్పక్కర్లేదు, ఫోన్లో దొరుకుతాయి. ఫోన్లో దొరకనివి చెబుతాను.

ఎడమ బూటు మీద సుద్దగీత

నాకు డాన్స్ నేర్పింది డాఫ్నీ ఆంటీ. ఆంగ్లో ఇండియన్, మెయిల్ రైలు డ్రైవర్ భార్య. పందొమ్మిదేళ్ల వయసులో నేనా క్లబ్బుకి వెళ్లింది డాన్స్ కోసం కాదు. పక్కగదిలో మా తెలుగు కుర్రాళ్లం చర్చలు పెట్టుకునేవాళ్లం. జాతకాలు నిజమా, దయ్యాలున్నాయా, శకునాలెందుకు అని బల్లలు గుద్దేవాళ్లం. ఒకరోజు ఆంటీ తలుపు తోసుకుని వచ్చి నన్ను వేలితో చూపించింది.

"ఏయ్ డిబేట్‌వాలా! జబాన్ తో బహుత్ చల్తీ హై. పైర్ చల్తే హైఁ క్యా?"

నోరు బాగా నడుస్తోంది, కాళ్లు నడుస్తాయా అని. ఆమెకు ఆ రోజు ఒక మగ జోడీ తక్కువైంది. అంతే. నా ఎడమ బూటు మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసి, "మగవాడి మొదటి అడుగు ఇది, ముందుకి. అమ్మాయి మొదటి అడుగు కుడికాలు, వెనక్కి" అంది.

నేను ఊరుకుంటానా? ఎందుకని అడిగాను. ఆమె మాట్లాడకుండా నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా ఎడమకాలికి ఎదురుగా ఏముందో చూసుకోమంది. ఆమె కుడికాలు ఉంది. నా కాలు ముందుకు పోవాలంటే ఎదురుగా ఉన్న కాలు వెనక్కి పోవాలి. అంతకుమించి అందులో ఏ రహస్యమూ లేదు. కుడితో కూడా మొదలెట్టొచ్చని, అయితే అప్పుడు అమ్మాయి ఎడమకాలు తియ్యాలని, ఆ మార్పు ఇద్దరి ఒంట్లోకీ ఎక్కేదాకా సాధన చెయ్యాలని చెప్పింది.

నేను చర్చల్లో విన్న వాదాలన్నిటిలో అదే గొప్ప వాదం. ఒకరి కుడి ఎదుటివాళ్లకి ఎడమవైపు పడుతుంది. దీని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

నా ఒకటిలో మూడు

ఆంటీ తర్వాత క్లాసు నా చేతికొచ్చింది. వాల్ట్జ్ అనే డాన్స్‌లో మూడేసి లెక్కలు. ఆంటీ "ఏక్, దో, తీన్" అనేది. చాలా ఏళ్లు నేనూ అదే అన్నాను. యాభై దగ్గరపడుతుండగా నాకు భాషాభిమానం పొంగుకొచ్చింది. తెలుగు పిల్లలకి హిందీ లెక్కెందుకు అని, "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టాను.

పిల్లలు పరుగులు పెట్టారు. 'ఒకటి' అనేలోపు మూడేసి చిన్న అడుగులు వేసి, 'మూడు' వచ్చేసరికి గోడకి కొట్టుకునేవాళ్లు. రెండు వారాలు వాళ్లని తిట్టాను. శ్రద్ధ లేదన్నాను, ఫోన్లు చెడగొడుతున్నాయన్నాను. చివరికి హేమ అనే పద్నాలుగేళ్ల పిల్ల చెయ్యెత్తింది. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో పనిచేసే ఆదినారాయణ కూతురు.

"మాస్టారూ, కోప్పడనంటే ఒకటి సెప్తాను."

"చెప్పు."

"మీ ఒకటిలోనే మూడున్నాయి కదండీ. ఒ, క, టి."

నేను మనసులోనే లెక్కపెట్టుకున్నాను. ఒ, క, టి. నిజమే. ఏక్ అంటే ఒక్క దెబ్బ, ఒకటి అంటే మూడు దెబ్బలు. పిల్లలు నేను చెప్పిందే చేస్తున్నారు, చెప్పడమే నాకు చేతకాలేదు.

'తకిట' అనొచ్చుగా అని మీరనుకుంటారు. అదీ అన్నాను. అనగానే కూచిపూడి నేర్చుకున్న ముగ్గురు ఆడపిల్లలు మోకాళ్లు పక్కలకి వంచి అరమండిలో కూర్చున్నారు. మళ్లీ ఏక్ దో తీన్‌కి వచ్చేశాను.

శిష్యులు తప్పు చేస్తున్నారని తిట్టేముందు మీ నోట్లోంచి ఏం వస్తోందో వినండి. అభిమానం మంచిదే, దాన్ని కాళ్ల మీద రుద్దకండి. హేమ సంగతి కూడా అప్పుడే అర్థమైంది నాకు. ఎందుకు తప్పుతోందో వెతికే పిల్ల మంచి డాన్సర్ అవుతుంది, అంతకంటే మంచి టీచర్ అవుతుంది.

సెక్రటరీ గారి రుమాలు

మా క్లబ్బుకి ఒక సెక్రటరీ ఉండేవాడు, ధర్మరాజు గారు. ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకోవడం చూసి ఆయనకి నిద్ర పట్టలేదు. మర్నాడు డజను చేతిరుమాళ్లతో వచ్చాడు.

"మాస్టారూ, అరచెయ్యికీ అరచెయ్యికీ మధ్య ఇది పెట్టించండి. డాన్స్ డాన్సే, మర్యాద మర్యాదే."

గంట వాదించాను. ఆయన వినలేదు. అప్పుడు ఆంటీ పద్ధతి గుర్తొచ్చింది. "రండి సర్, మనిద్దరం రుమాలుతో చేద్దాం" అన్నాను. పంచె ఎగ్గట్టి వచ్చాడు. రెండో తిప్పుకే రుమాలు జారింది, ఆయన తూలాడు, పడిపోకుండా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదలకుండానే కాసేపు ఆలోచించి, "ఉండనివ్వండి, చేతులే ఉండనివ్వండి" అని వెళ్లిపోయాడు.

కాలనీ అంతా నవ్వుకున్నారు. నేను కాలరెగరేశాను. నేను నోరు విప్పితే ఎలాంటివాడైనా దారికొస్తాడని నాకో గర్వం పట్టుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చేసిన పనికి ఇదే నా మీద సాక్ష్యం.

ప్రేమ పుట్టగానే డాన్స్ వచ్చే కథ

హేమకి ఇరవై రెండేళ్లు వచ్చాయి. దీపక్ అని, మా ఊళ్లోనే సర్కండా పేట కుర్రాడు ఆమె జోడీ. ఛత్తీస్‌గఢీ వాడు, మెత్తని మనిషి, ఒకసారి నేర్చిన అడుగు మర్చిపోని కాళ్లు. మూడేళ్లు కలిసి చేశారు. కలకత్తాలో ఒక పోటీ ఉంది. గెలిచిన జోడీని అక్కడి డాన్స్ స్కూల్లో శిక్షకులుగా తీసుకుంటారు. ఆ ఏడాది తర్వాత ఆ అవకాశం ఉండదని ముందే చెప్పారు.

హేమకి కావలసింది అదే. డాన్స్ నేర్పడం ఉద్యోగంగా చెయ్యాలి. ఆదినారాయణ చెడ్డ తండ్రి కాడు, భయస్థుడు. "ఈ ఒక్కసారి ఎల్లు. గెలిస్తే నాకేటి బాధ? గెలవకపోతే మాత్రం నోరెత్తకుండా రైల్వే ఉద్యోగానికి ఫారం నింపాల" అన్నాడు. హేమ ఒప్పుకుంది. పోటీకి ఇంకా నెలరోజులుంది.

అప్పుడు దిగింది సినిమా. బొగ్గు లారీలు తిప్పే సత్యంబాబు గారనే తెలుగాయనకి సినిమా తియ్యాలన్న కోరిక పుట్టింది. హీరో ఆయన మేనల్లుడు విక్కీ. దర్శకుడు రాయ్‌పూర్ కుర్రాడు. జోడీ డాన్స్ పోటీ మీద ప్రేమకథ, కామెడీ. మా క్లబ్బు హాలు అద్దెకి తీసుకుని, నన్ను శిక్షకుడిగా పెట్టుకున్నారు.

కథ చెప్పారు. హీరోకి డాన్స్ రాదు. హీరోయిన్‌కి వచ్చు. ఇద్దరికీ పడదు. ఇంటర్వెల్ దగ్గర వాన పడుతుంది. వానలో ప్రేమ పుడుతుంది. పుట్టగానే హీరోకి డాన్స్ వచ్చేస్తుంది. పోటీలో గెలుస్తారు.

"బాబూ, మధ్యలో ప్రాక్టీసు ఎక్కడుంది?" అన్నాను దర్శకుడితో.

"సర్, ఫీలింగ్ సే హోతా హై."

"ఫీలింగ్‌తో అయ్యేదానికి నన్నెందుకు పిలిచారు మరి?"

"ఫీలింగ్ ఆనే తక్, సర్."

ఫీలింగ్ వచ్చేదాకా నేనట! ఇలాంటి కథలు చూసే జనం మా క్లాసులకి వచ్చి, నాలుగో రోజుకి "మాకు కెమిస్ట్రీ కుదరట్లేదు మాస్టారూ" అని మానేస్తారు. కెమిస్ట్రీ ఎక్కడా లేదు నాయనా, లెక్క ఉంది. ఏక్, దో, తీన్. రోజూ రెండు గంటలు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం లేకపోయినా కాళ్లు కలుస్తాయి, ప్రాణంలో ప్రాణంగా ఉన్నా లెక్క తప్పితే బూటు కిందే పడతాయి.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే టైటిల్స్‌లో 'నృత్య శిక్షణ' అని నా పేరు ఒంటరిగా, తెర మీద పెద్దగా వేస్తామన్నారు. అరవైకి దగ్గరపడుతున్న మనిషికి అది చిన్న ఆశ కాదు. హీరోయిన్‌కి డాన్స్ రాదు కాబట్టి కాళ్లు కనిపించే షాట్లలో ఆమె బదులు మరొకరు కావాలన్నారు. హేమని అడిగాను. "పోటీ ముందు ఎందుకండీ మాస్టారూ?" అంది. "రెండ్రోజుల పనే, కెమెరా ముందు బెరుకు పోతుంది" అన్నాను. ఒప్పించింది నేనే.

ముహూర్తం షాట్

ఉదయం తొమ్మిదింటికి హాల్లో కొబ్బరికాయ కొట్టారు. కెమెరా కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులు గారు గడియారం చూస్తూ కూర్చున్నాడు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని హీరో తల్లి భ్రమరాంబ గారు కూర్చున్నారు, సత్యంబాబుకి అక్కగారు.

మొదటి షాట్‌లో ముఖాలు లేవు, కాళ్లే. విక్కీ నల్ల తోలు బూట్లు, హేమ వేళ్లు కనిపించే ఎత్తుమడమ చెప్పులు. ఒకసారి రిహార్సల్ చేశారు. విక్కీ ఎడమకాలు ముందుకి, హేమ కుడికాలు వెనక్కి. చక్కగా వచ్చింది.

"ఆగండాగండి!" భ్రమరాంబ గారు లేచారు. "ఏటది? మావోడు ఏ కాలెట్టాడు?"

"ఎడమకాలమ్మా" అన్నాను.

"ఓలమ్మో! సినిమా మొదలెట్టడమే ఎడంకాలా? సత్యం! ఏటిరా ఇది, కళ్లు మూసుకున్నావేటి? కుడికాలెట్టమను."

దర్శకుడు వెంటనే, పర్వాలేదన్నట్టు చెయ్యూపి, "కోయీ బాత్ నహీఁ మాజీ. విక్కీ, రైట్ ఫుట్" అన్నాడు.

నేను ముందుకొచ్చాను. "అలాగే పెట్టొచ్చు. అప్పుడు మా అమ్మాయి ఎడమకాలు తియ్యాలి. అలవాటు తిరగెయ్యాలి కదా, ఒక అరగంట ఇవ్వండి."

"ఆ పిల్ల ఎడంకాలు కదుపుతాదా?" ఆవిడ గొంతు పెరిగింది. "ఆడపిల్ల, లచ్చిందేవిలాగుంది, దానికేటి కర్మ? ఇద్దరూ కుడికాలే ఎట్టాల."

"అమ్మా, వాళ్లు ఎదురెదురుగా ఉన్నారు. ఇద్దరూ కుడికాలే కదిపితే, మీవాడి కాలు పడేచోట మా అమ్మాయి ఎడమకాలు ఉంటుంది. ఒంటి బరువంతా దాని మీదే ఉంటుంది, తియ్యడానికి కుదరదు."

"అచ్ఛా? పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ కుడికాలెట్టే గదా ఇంట్లోకొస్తారు? ఎవులు ఎవుల్ని తొక్కేసారు సెప్పండి!"

"వాళ్లు పక్కపక్కన నడిచొస్తారమ్మా. ఎదురెదురుగా నిలబడి రారు."

లైట్లు పట్టుకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. పంతులు గారు కూడా నవ్వి, దగ్గుతో కప్పుకున్నాడు. విక్కీ విసుక్కున్నాడు. "మామా, రైట్ యా లెఫ్ట్? జల్దీ బోలో యార్."

సత్యంబాబు ముఖం ఎర్రబడింది. నా భుజం మీద చెయ్యివేసి పక్కకి తీసుకెళ్లాడు. "మాస్టారూ, మీ డిబేట్లు మన తెలుగు సంఘంలో పెట్టుకుందాం. ముహూర్తానికి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉంది. ఒక్క అడుగు. మా అక్క మనసు కోసం. తర్వాత సినిమా అంతా మీ ఇష్టం. టైటిల్లో మీ పేరు ఎంత అందంగా వేయిస్తానో చూడండి."

ధర్మరాజు గారి రుమాలు కోసం గంట వాదించినవాణ్ని. దయ్యాల మీద, జాతకాల మీద, శకునాల మీద బల్లలు పగలగొట్టినవాణ్ని. ఆ హాల్లో ఆ క్షణాన కాళ్ల గురించి నిజం తెలిసిన మనుషులం ఇద్దరమే ఉన్నాం, నేనూ హేమా. హేమ నావైపే చూస్తోంది.

"ఏటి సెయ్యమంటారు మాస్టారూ?"

"ఒక్క అడుగే కదమ్మా" అన్నాను. "కొంచెం జాగ్రత్తగా వెయ్యి."

జాగ్రత్తగా! పట్టాల మీద నిలబెట్టి, ఇంజన్ వస్తోంది జాగ్రత్త అన్నట్టు.

హేమ కుడికాలు వెనక్కి తీసింది. విక్కీ కుడికాలు ముందుకి వేశాడు. ముందడుగులో మడమ ముందు పడాలని నేనే నేర్పాను. ఆ కుర్రాడికి నేను సరిగ్గా నేర్పగలిగింది అదొక్కటే. తోలు బూటు మడమ తిన్నగా హేమ ఎడమకాలి బొటనవేలి మీద దిగింది. "అమ్మా!" అని అరిచి, తూలి, విక్కీ ఛాతీ మీద రెండు చేతులతో గుద్దింది. విక్కీ బిత్తరపోయి పట్టుకున్నాడు.

"కట్! బ్యూటిఫుల్! యహీ చాహియే థా!" సరిగ్గా ఇదే కావాలంటూ దర్శకుడు గంతేశాడు.

హేమ చెప్పు విప్పి నేలమీద కూలబడింది. భ్రమరాంబ గారు పరుగున వచ్చి, నిజంగానే కంగారుపడి, కెమెరా కింది నిమ్మకాయ తీసి ఆమె తలచుట్టూ తిప్పారు. "దిష్టి తగిలేసింది పిల్లకి" అన్నారు. ఆవిడకి జాలి లేదని నేనననుగాక అనను. జాలి ఉంది. వేలు ఎందుకు విరిగిందన్న ప్రశ్నే ఆవిడకి లేదు.

ఆ తర్వాత

సర్కండాలో ఎముకల డాక్టరు ఫోటో తీసి, వేలు రెండుచోట్ల విరిగిందన్నాడు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు. పోటీ మూడు వారాల్లో. అంతే, దానికి విచారించడానికి కూడా ఏమీ మిగల్లేదు. వేరే అమ్మాయిని చూసుకుని వెళ్లమని దీపక్‌తో అన్నాను. "మూడేళ్లు ఒకరి కాళ్లకి అలవాటుపడ్డాను సర్, మూడు వారాల్లో ఇంకొకరి కాళ్లు ఎక్కడినుంచి తేను?" అన్నాడు హిందీలో. ఆ ఉద్యోగాలు ఇంకో జోడీకి పోయాయి.

ఆదినారాయణ ఫారం తెచ్చి కూతురి మంచం మీద పెట్టాడు. హేమ నింపింది. పరీక్ష పాసైంది, ఇప్పుడు షెడ్‌లో డ్యూటీ చేస్తోంది. వేలు అతుక్కుంది గాని పూర్తిగా వంగదు. వాల్ట్జ్‌లో మునివేళ్ల మీదికి లేవాలి. ఆమె అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది.

హేమకీ దీపక్‌కీ పెళ్లయిందా అని అందరూ అడుగుతారు. ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే ఇక పెళ్లి తప్ప మరోటి తోచదా మీకు? హేమనే ఎవరో అడిగితే, "మూడేళ్లు వాడి లెక్కలు సరిచేశాను. జీవితాంతం కూడా నేనే సెయ్యాలేటి?" అంది. దీపక్ పక్కనే ఉండి నవ్వాడు. ఇద్దరూ మంచి స్నేహితులు. ఇది సినిమాల్లోకెక్కదు.

సినిమా వచ్చింది. హేమ తనే టికెట్లు తీసి నన్ను లాక్కెళ్లింది. హాలు నిండింది. తెర వెలిగింది. మొదటి దృశ్యమే నల్లబూటు, దాని కింద హేమ కాలు. "అమ్మా!" గొంతు హీరోయిన్‌ది, కాలు హేమది. వెంటనే హీరోయిన్ కోపంగా చూడటం, హీరో బిత్తరచూపు. హాలు పగలబడి నవ్వింది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. ఆ నవ్వు మధ్యలో, ఆ కాలి బొమ్మ అలాగే ఆగిపోయి, దాని మీద అక్షరాలు పడ్డాయి. నృత్య శిక్షణ. కింద నా పేరు. ఒంటరిగా. పెద్దగా. సత్యంబాబు మాట నిలబెట్టుకున్నాడు.

ఇంటర్వెల్‌లో హేమ నెమ్మదిగా అడిగింది. "మాస్టారూ, రుమాలు కోసం గంట వాదించారు కదా. నా కాలి కోసం ఇంకో నిమిషం ఎందుకు వాదించలేదు?"

"సమోసాలు తెస్తానుండు" అని లేచిపోయాను. నా హేతువాదం ఆ రోజు సమోసాల వరసలో నిలబడింది.

బయట భ్రమరాంబ గారు ఎదురయ్యారు. ముఖం వెలిగిపోతోంది. "సూసారా మాస్టారూ! కుడికాలెట్టాం, సినిమా ఆడేసింది!"

"జనం నవ్వింది ఆ పిల్ల వేలు విరిగినందుకమ్మా. అయితే ప్రతి సినిమాకీ ఒకరి వేలు విరగ్గొడదామా?"

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "అలాగైతే ఆ అమ్మీ కాలు మాకు కలిసొచ్చిందన్నమాట. వొచ్చే సినిమాక్కూడా పిలుద్దాం, ఏటంటారు?"

సమోసాలు పట్టుకుని లోపలికి నడిచాను. దీనికి జవాబు మీకు తడుతుందేమో చూడండి.

ఆవిడని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. నేను అలా చెయ్యను. ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. తెలియనివాళ్లు ఏ కాలో చెబుతుంటే తెలిసినవాడు టైటిల్ కార్డు చూసుకుంటూ నిలబడ్డాడు. "పోయేదేముంది" అనేవాళ్లని ఎప్పుడైనా గమనించండి. వాళ్లు ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఉంటారు. పోయేది ఫ్లోరు మీద నిలబడ్డవాళ్లది.

పోయిన వారం

నేను మానేశాక సాయంత్రం క్లాసు హేమ తీసుకుంటోంది, షెడ్ డ్యూటీ అయ్యాక. పోయిన వారం వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. కొత్తగా ఒక బ్యాంకు ఆఫీసరు చేరాడు. ముప్పై ఏళ్లుంటాయి, వెంట తల్లి వచ్చింది. సంగీతం మొదలైంది, ఆయన ఎడమకాలు కదిపాడు.

"ఒరే ఒరే! మొదటిరోజు కదరా, కుడికాలెట్టు నాయనా" అంది తల్లి కుర్చీలోంచి.

హేమ సంగీతం ఆపేసింది.

"పెద్దమ్మా, ఓసారి రండి."

"నానా? నాకేటొచ్చమ్మా?"

"నడవడం వచ్చు కదా, సాలు. చెప్పులిప్పి నా ఎదురుగా నిలబడండి. ఆఁ. ఇప్పుడు మీరు కుడికాలు ముందుకెయ్యండి, నేను కుడికాలు ఎనక్కి తీస్తాను. మెల్లగా."

ఆవిడ వేసింది. ఆమె పాదం వెళ్లి హేమ ఎడమకాలి వేళ్లకి ఆనింది.

"అయ్యయ్యో, తొక్కేసానా తల్లీ?"

"లేదు, ఆనించారంతే. తొక్కితే ఎలాగుంటాదో నాకు తెలుసు." హేమ నవ్వింది. "ఇప్పుడు అదే మీ ఎడంకాలుతో వెయ్యండి."

ఆవిడ ఎడమకాలు వేసింది. హేమ కుడికాలు వెనక్కి తీసింది. దారి తెరుచుకుంది. ఆవిడ ఇంకో అడుగు వేసింది, ఇంకోటి వేసింది, పకపకా నవ్వింది. తిరిగి కుర్చీలో కూర్చుంటూ, "ఎడంకాలెట్టరా ఎదవా, ఆ పిల్ల సెప్తాంటే ఇనవేటి?" అంది కొడుకుతో.

నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు మాకున్నవి ఎనిమిది నిమిషాలు. భ్రమరాంబ గారిని చెయ్యిపట్టి నా ఎదురుగా నిలబెట్టి ఒక్క అడుగు వేయిస్తే సరిపోయేది. ఆ పద్ధతి ఆంటీ నాకు నేర్పింది, ధర్మరాజు గారి మీద నేను వాడాను, హేమ చూసి నేర్చుకుంది. అవసరమైన రోజున నేనే వాడలేదు. హేమా, నువ్వడిగిన దానికి జవాబు ఇంతే. నా పేరు కోసం.

ఇక మీ సంగతి. రేపు మీ క్లాసుకీ ఒక తల్లో, సెక్రటరీయో, సినిమా తీసే పెద్దమనిషో వస్తారు. కుర్చీ వేయించుకుని, ఒక్క అడుగే కదా అంటారు. మీ శిష్యురాలు మీవైపు చూస్తుంది. సంగీతం ఆపండి. ముహూర్తం దాటిపోతే పోనివ్వండి, మీ పేరు తెర మీద పడకపోతే పడకపోనివ్వండి. ముందు ఆ కుర్చీలో ఉన్నవాళ్లని లేపండి. మీ ఎదురుగా నిలబెట్టి, వాళ్ల కాలు మీ కాలి మీద వేయించుకోండి.